కంటైనర్‌లోకి బియ్యం బస్తాలు: తలమోత, బెల్టు, ఫోర్క్‌లిఫ్ట్.. ఏది మేలు?

మిర్యాలగూడ రైస్ మిల్లులో సీలు పడ్డ కంటైనర్, మధ్యలో కస్టమ్స్ తనిఖీ పడితే తప్ప, మళ్లీ తెరుచుకునేది సముద్రం దాటాకే. రేవులో దాన్ని పైకెత్తే క్రేన్ ఆపరేటర్‌కు, అవతలి దేశంలో తలుపు తీసే కూలీకి లోపల బస్తాలు ఎట్లా పేర్చారో కనపడదు. అందుకే ఇక్కడి లోడింగ్‌లో తేడా వస్తే దెబ్బ మన హమాలీ నడుముతో ఆగదు.

ముందు బరువు లెక్క. 20 అడుగుల కంటైనర్ లోపల పొడవు సుమారు 5.9 మీటర్లు, వెడల్పు 2.35, ఎత్తు 2.39. 50 కిలోల బస్తాలు 500 ఎక్కితే 25 టన్నులు. హమాలీల ముఠాలో ఎనిమిది మంది ఉంటే ఒక్కొక్కరి వంతు 62 బస్తాలు, అంటే మూడు టన్నుల పైచిలుకు. రోజుకు రెండు కంటైనర్లు వస్తే ఆరు దాటుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలే. మన బస్తా దానికి రెట్టింపు పైనే.

తలమోతకు పెట్టుబడి అక్కర్లేదు. బస్తాలను సందు లేకుండా ఇరికించడంలో ముఠాను మించిన యంత్రం లేదు. కానీ ట్రైలర్ మీది కంటైనర్ అడుగు నేలకు మీటరున్నర దాకా ఎత్తులో ఉంటుంది. చెక్క పలక వేసి ఎక్కుతారు. పలక మీద తవుడు దుమ్ము పడి, దాని మీద చెమట కాలు పడితే జారుడే. పలక అంచుకు పట్టీ, అడుగున అడ్డకర్రలు, పై కొనలో కంటైనర్‌కు తగిలించే కొక్కెం లేకపోతే అసలు వాడొద్దు. నడకకన్నా నడుమును ఎక్కువ విరిచేది చివరి రెండు వరుసలు: బస్తాను భుజం పైకి లేపి నెట్టాలి, అదీ గాలాడని ఇనుప డబ్బాలో. నల్లగొండ జిల్లాలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున కంటైనర్ లోపల ఎంత ఉడుకుతుందో రేకుల షెడ్డులో పడుకున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

బెల్టు, అంటే చక్రాల మీద జరిపే కన్వేయర్, మోతను, పలకను రెంటినీ తప్పిస్తుంది. చాలా మిల్లులు బెల్టు కొని కూడా పూర్తి లాభం పొందవు. కారణం సులువు: బెల్టు తలుపు దగ్గరే ఆగిపోతుంది, లోపలి ఐదు మీటర్లు మళ్లీ మోతే. లోపలికి చాచే బెల్టు గానీ, రోలర్ల ముక్క గానీ జోడించి, వరుస నిండిన కొద్దీ వెనక్కి లాగాలి. కింది వరుసలకు బస్తా నడుము ఎత్తులో రావాలి. పై వరుసలకు మనిషి నిండిన బస్తాల మెట్టు మీద నిలబడి, బెల్టు కొనను పైకి లేపుకోవాలి. బెల్టు మరీ నున్నగా, వాలు మరీ ఎక్కువగా ఉంటే ప్లాస్టిక్ సంచి వెనక్కి జారి కిందివాడి మీద పడుతుంది; గీతల బెల్టు వేయాలి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కింది రోలర్ దగ్గర. తలకు చుట్టిన తువ్వాల కొంగు అక్కడ చిక్కితే మనిషిని లాక్కుంటుంది. రోలర్‌కు జాలీ, రెండు పక్కలా లాగితే ఆగే తాడు, కరెంటుకు 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకర్ తప్పవు.

బస్తాలను ప్యాలెట్ల మీద, అంటే చెక్క చట్రాల మీద పేర్చి ఫోర్క్‌లిఫ్ట్ బండితో లేపి లోపల పెట్టడం నడుముకు అన్నిటికన్నా హాయి. తేడా బియ్యం లెక్కలో తేలుతుంది. 20 అడుగుల కంటైనర్‌లో 1.2 x 1.0 మీటర్ల ప్యాలెట్లు అడుగున పదే పడతాయి. రెండంతస్తులు వేసినా చెక్క మందం, పైన ఫోర్కు కదలడానికి వదిలే జాగా పోను 17, 18 టన్నులకు మించడం కష్టం. మూడు కంటైనర్ల సరుకుకు నాలుగు కూడా చాలవు. పైగా ఫోర్క్‌లిఫ్ట్ సొంత బరువే మూడున్నర, నాలుగు టన్నులు. సరుకెత్తితే దాదాపు మొత్తం ముందు చక్రాల మీదికొస్తుంది. ఇంజిన్ విప్పిన ట్రైలర్ మీద అది లోపలి కొసకు వెళ్తే ట్రైలర్ ముక్కు మీద బోర్లా పడొచ్చు. డీజిల్ బండి అయితే మూసిన డబ్బాలో కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. రేవు గోదాముల్లో, చిన్న ప్యాకెట్ల సరుకుకు ఇది మేలే. కంటైనర్ అడుగు ఎత్తుకు కట్టిన గట్టు వేదిక లేని మన మిల్లు యార్డులో కాదు.

కాబట్టి ఇక్కడికి తగింది చాచే బెల్టే. అయితే బెల్టు వచ్చిందని బస్తా కూలి రేటు కోస్తే, ముఠా పోగొట్టుకున్నది పూడ్చుకోవడానికి విరామం మానేస్తుంది. బిహార్ నుంచి వచ్చిన హమాలీలకు ఇది మరీ కష్టం, బేరమాడే బలం తక్కువ. ఎండాకాలంలో తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ఆపి, సాయంత్రం మిగతాది చేయించాలి. ప్రతి 15-20 నిమిషాలకు గ్లాసు నీళ్లు. చెమట ధారగా కారే రోజు ఓఆర్ఎస్ కూడా. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు.

ఏ పద్ధతైనా రేవు కోసం చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. 2016 జూలై 1 నుంచి ధ్రువీకరించిన బరువు లేని కంటైనర్‌ను ఓడ ఎక్కించరు. కాంటా చీటీలో అంచనా రాయొద్దు. సరుకు తక్కువైతే ముందు భాగాన్ని పైదాకా నింపి తలుపు దగ్గర ఖాళీ వదలడం మన ముఠాల అలవాటు. అట్లా చేస్తే క్రేన్ ఎత్తినప్పుడు ఒక పక్కకు వాలుతుంది, తలుపు తీసినవాడి మీద బస్తాలు కూలుతాయి. ఒక వరుస ఎత్తు తగ్గించి పొడవంతా సమంగా పరచాలి. చివరి వరుసలను మెట్లుగా, ఒకదాన్నొకటి పట్టుకునేట్టు పేర్చి వల కట్టాలి. పురుగు మందు అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు మనుషులంతా బయటికొచ్చాక, శిక్షణ ఉన్నవాడే పెట్టాలి. 3 గ్రాముల గోలీ ఒకటి గ్రాము ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. వాసన రావట్లేదు కాబట్టి గ్యాస్ లేదని నమ్మకూడదు. తలుపు మీద హెచ్చరిక కాగితం అతికించకపోతే, అవతలి రేవులో సీలు తెంచేవాడికి లోపల గ్యాస్ ఉందని తెలిసే దారే లేదు.