జెట్టీకి ఏది మేలు: హ్యామరా, యూపీవీనా, హాఫ్ సెల్లా?

"జెట్టీ సర్వేకి రీబౌండ్ హ్యామర్, యూపీవీ చాలవా సార్? హాఫ్ సెల్ కూడా ఎందుకు?" ఈ మధ్య ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఐదారుగురైనా ఉంటారు. ఎక్కువమంది బిల్డింగుల పని నుంచి పోర్టు పనికి వచ్చినవాళ్లు. అక్కడ ఆ రెండిటితో పని జరిగిపోయేది కాబట్టి ఇక్కడా జరుగుతుందనుకుంటారు. రీబౌండ్ హ్యామర్ అంటే కాంక్రీటు మీద కొట్టి గట్టిదనం చూసేది, యూపీవీ అంటే కాంక్రీటు గుండా అల్ట్రాసోనిక్ తరంగం పంపి దాని వేగం కొలిచేది, హాఫ్ సెల్ అంటే లోపలి రాడ్డు విద్యుత్ పొటెన్షియల్ కొలిచి తుప్పు సంగతి చెప్పేది. నా మాట ముందే చెప్పేస్తాను. ఉప్పునీటి మీద నిలబడ్డ ఆర్‌సీసీ జెట్టీకి ఒక్క పరీక్షకే డబ్బులుంటే నేను హాఫ్ సెల్‌కే పెడతాను.

కొన్నేళ్ల కిందట తూర్పు తీరంలోని ఒక జెట్టీ రిపోర్టు నా చేతికొచ్చింది. హ్యామర్ రీడింగులు బాగున్నాయి. యూపీవీ సెకనుకు నాలుగు కిలోమీటర్ల పైనే ఉంది. పరిస్థితి బాగుందని రాశారు, నేనూ ఒప్పుకున్నాను. రెండు వానాకాలాలు గడిచేసరికి డెక్ (జెట్టీ పైభాగం) అడుగున బీముల కవర్ (రాడ్లను కప్పే కాంక్రీటు పొర) పెచ్చులుగా ఊడి నీళ్లలో పడింది. లోపలి రాడ్లు పొరలు పొరలుగా రాలిపోతున్నాయి. అదే బీము నుంచి కోసి తీసిన కాంక్రీటు ముక్క, అంటే కోర్, మాత్రం గట్టిగానే ఉంది.

అంటే ఆ రెండు పరీక్షలూ అబద్ధం చెప్పలేదు. కాంక్రీటు గురించి అడిగితే కాంక్రీటు గురించే చెప్పాయి. పోర్టులో చెడేది ముందు స్టీలు. అలల తుంపర్లతో వచ్చిన క్లోరైడ్ ఏళ్ల తరబడి కవర్ గుండా లోపలికి దిగుతుంది. రాడ్డు చుట్టూ ఉన్న రక్షణ పొర తెగుతుంది, తుప్పు మొదలవుతుంది. తుప్పు ఆక్రమించే చోటు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ. ఆ ఒత్తిడికి కవర్ పగులుతుంది. క్లోరైడ్ లోపలికి ప్రయాణించే ఆ ఏళ్లన్నీ కాంక్రీటు బలం ఎక్కడికీ పోదు. మరమ్మతు చవగ్గా తేలిపోయే కాలం కూడా అదే. ఆ దశలో ఏదైనా చెప్పగల పరీక్ష ఏది అన్నదే నాకు అసలు లెక్క.

హ్యామర్ సంగతి త్వరగా ముగిస్తాను. అది పైపొర గట్టిదనం చూపిస్తుంది. పాత కాంక్రీటు కార్బొనేట్ అయితే (గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో పైపొర గట్టిపడితే) బలాన్ని యాభై శాతం దాకా ఎక్కువ చేసి చూపించవచ్చు, తడి ఉంటే తక్కువ చేసి చూపిస్తుంది. పాత భారత ప్రమాణం ఐఎస్ 13311 లోనే బలం అంచనాకు అటూ ఇటూ 25 శాతం తేడా ఒప్పుకున్నారు. ఏ బీము మిగతావాటికి భిన్నంగా ఉందో పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

యూపీవీ దానికంటే చాలా మేలు. హనీకోంబింగ్ (తేనెతుట్టెలా మిగిలిన ఖాళీలు), పోత సరిగా పడని చోట్లు, మంట తగిలిన భాగాలు దానికి బాగా దొరుకుతాయి. ఓడ గుద్దిన బీముకైతే నేనూ మొదట దాన్నే అడుగుతాను. కానీ జెట్టీలో దానికి రెండు ఇబ్బందులున్నాయి. ఎదురెదురు ముఖాలు దొరికితేనే రీడింగు నమ్మకంగా ఉంటుంది. స్లాబుకి ఒక ప్రోబ్ డెక్ మీద, ఇంకొకటి పడవలో నిలబడి అడుగున పట్టుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యం. పొడి పగులు దగ్గర తరంగం చుట్టూ తిరిగి వెళ్లాలి కాబట్టి వేగం తగ్గుతుంది, పగులులో నీళ్లు నిండి ఉంటే వాటి గుండా దాటిపోతుంది. పైగా తడిసిన కాంక్రీటులో వేగం కాస్త ఎక్కువే. అందుకని స్ప్లాష్ జోన్‌లో (అలల తుంపర్లు తగిలే భాగంలో) 'బాగుంది' అన్న రీడింగుని నేను ఒక పట్టాన నమ్మను.

ఇక హాఫ్ సెల్. ఒకచోట కవర్ కొట్టి రాడ్డుకి వైరు కలపాలి. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌ను తడిపిన ఉపరితలం మీద గ్రిడ్ ప్రకారం ఆనిస్తూ పోవాలి. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సి876 ప్రకారం మైనస్ 200 మిల్లీవోల్టుల కంటే పైన ఉంటే తుప్పు లేకపోవడానికి 90 శాతానికి మించి అవకాశం ఉంది. మైనస్ 350 కంటే కిందికి పోతే తుప్పు ఉండటానికి అంతే అవకాశం. మధ్యలోది తేలని భాగం. చాలామంది ఈ మూడు వర్గాలు టేబుల్లో పెట్టి రిపోర్టు కట్టేస్తారు. తప్పు జరిగేది అక్కడే. నీళ్లలో ఎప్పుడూ మునిగి ఉండే పైల్ (నేలలోకి దించిన పునాది స్తంభం) మీద మైనస్ 600 వచ్చినా కంగారు పడక్కర్లేదు. ఆక్సిజన్ అందక పొటెన్షియల్ అలా దిగుతుంది గానీ తుప్పు నెమ్మదిగానే సాగుతుంది. అదే స్ప్లాష్ జోన్ బీములో మైనస్ 150 పక్కనే, మీటరు దూరం లోపే మైనస్ 400 కనిపిస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. అంకె కంటే ఆ వాలు ముఖ్యం. అందుకే కాంటూర్ మ్యాప్ (ఒకే రీడింగు ఉన్న చోట్లను గీతలతో కలిపే పటం) గీయని హాఫ్ సెల్ రిపోర్టుని వెనక్కి పంపిస్తాను.

దానికీ పరిమితులున్నాయి. తుప్పు ఉండే అవకాశం చెబుతుంది, ఎంత వేగంగా తింటోందో చెప్పదు. ఎపాక్సీ పూసిన రాడ్లుంటే పని చేయదు. పైన పెయింటు కోటింగ్ ఉంటే ఆ చోట గీకాలి. రాడ్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయో లేదో మల్టీమీటరుతో ముందే చూసుకోవాలి. ఈ చివరిది చేయకుండానే రీడింగులు తీసేవాళ్లను చూశాను.

దీనికి తోడు క్లోరైడ్ పొడి నమూనాలు తీయించాలి. డ్రిల్ చేసిన రంధ్రం వల్ల అది పూర్తిగా నాన్ డిస్ట్రక్టివ్ (కట్టడానికి దెబ్బ తగలని పరీక్ష) కాదు, నిజమే. అదే రోజు మోర్టార్‌తో పూడ్చేస్తే జెట్టీకి పోయేదేమీ లేదు. సిమెంటు బరువులో 0.4 శాతం దగ్గర ప్రమాదం మొదలవుతుందని సాధారణంగా లెక్క వేస్తారు. ఆ స్థాయి ఇప్పుడు ఎంత లోతున ఉందో తెలిస్తే రాడ్డుని చేరడానికి ఇంకా ఎన్నేళ్లుందో అంచనా కట్టొచ్చు.

కవర్ మందం కొలిచే కవర్ మీటర్ అన్నిటికంటే ముందు చేయాల్సిందే, దాని గురించి వాదన లేదు. పోటు-పాటుల మధ్య తడిసే భాగాలకు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 లో 75 మి.మీ. కవర్ ఉంది. చాలా పాత జెట్టీల్లో అంత దొరకదు. జీపీఆర్ (రాడార్‌తో లోపలి రాడ్లను చూసే పరికరం) డెక్ మీద డ్రాయింగులు లేనప్పుడు బాగుంటుంది. పైల్ ఇంటిగ్రిటీ టెస్టుని (పైల్‌ని తట్టి ప్రతిధ్వని చూసే పరీక్షని) డెక్ కట్టేసిన పాత పైల్స్ మీద చేయించకండి, పైనున్న బీముల ప్రతిధ్వనులన్నీ కలిసిపోతాయి. స్టీలు షీట్ పైల్స్ (వరుసగా గోడలా దించిన ఇనుప పలకలు) ఉన్న బెర్తులైతే (ఓడలు ఆగే చోట్లైతే) లెక్క వేరే, అక్కడ అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ మీటరే రాజు. పాటు మట్టానికి కాస్త కింద తప్పకుండా కొలిపించండి. మామూలు సుత్తితో తట్టి డొల్ల శబ్దం వినడం మాత్రం ఎక్కడా మానకండి. ఊడబోయే కవర్‌ను అది పట్టినంత చవగ్గా ఇంకేదీ పట్టదు.

విశాఖలో పోటు-పాటుల తేడా రెండు మీటర్ల లోపే. డెక్ కింద పడవ పట్టే ఎత్తు మిగిలే సమయం తక్కువ. ఆ కాసేపట్లో ముందు స్ప్లాష్ జోన్ బీముల హాఫ్ సెల్, ఆ తర్వాత డ్రిల్ నమూనాలు పూర్తి చేయించండి. హ్యామర్ రీడింగులు పోటు ఎక్కాక డెక్ మీద నుంచి తీసుకోవచ్చు.