లండన్–సిడ్నీ 19 గంటలేనట! ఈ టికెట్ సైట్‌తో జాగ్రత్త

పేరు రాయను, ఏ సైటో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. "లండన్–సిడ్నీ, 17,000 కి.మీ., 19 గంటలు" అని పెద్ద అక్షరాలతో వేసి టికెట్ అంటగట్టారు. డబ్బు కట్టాక వచ్చిన ఈ-టికెట్‌లో 35 గంటలు! పైగా రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లు, అంటే రెండు విడివిడి బుకింగ్‌లు. క్యాన్సిల్ చేయమంటే నాన్ రిఫండబుల్.

చాట్‌లో నిలదీస్తే ఆ మహానుభావుడి జవాబు: "అది ఫ్లైట్ టైమ్ సర్, జర్నీ టైమ్ కాదు. అంత దూరం వెళ్లేవాళ్లకి ఆ మాత్రం తెలియదా?" తిరిగి టైప్ చేసేలోపే చాట్ క్లోజ్.

సరే, ఫ్లైట్ టైమే అనుకుందాం. ఏ ఫ్లైట్‌ది బాబూ? లండన్‌లో ఎక్కితే ఎక్కడా దిగకుండా సిడ్నీలో దింపే రెగ్యులర్ సర్వీసు ఇప్పటిదాకా లేనే లేదు. గ్లోబు మీద దారం పెట్టి కొలిచినట్టు అతి దగ్గరి దూరం తీసుకుని, గంటకు 900 కి.మీ. చొప్పున భాగించి పారేశారు. వచ్చింది 19. విమానం ఆ గీత మీద పోదు. 2022 ఫిబ్రవరి చివర్లో రష్యా గగనతలం యూరప్ ఎయిర్‌లైన్స్‌కి మూసుకుపోయాక, చుట్టు తిరిగి పోవాల్సి రావడంతో ఫిన్లాండ్‌లోని హెల్సింకి నుంచి టోక్యోకి ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి 13 గంటలకు పెరిగింది. మ్యాప్ మీద దూరం మాత్రం అంతే. ఎదురుగాలి సంగతి వేరే: జెట్ స్ట్రీమ్, అంటే విమానాలు ఎగిరే ఎత్తులో ఉండే బలమైన గాలి, పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లేటప్పుడు, వచ్చేటప్పటికంటే దాదాపు గంట ఎక్కువ పడుతుంది.

వీళ్లిచ్చిన టికెట్ చూడండి. డిసెంబర్, సోమవారం రాత్రి 9కి లండన్‌లో ఎక్కితే బుధవారం సాయంత్రం 7కి సిడ్నీ. రెండూ లోకల్ టైములే. గడియారం లెక్కన 46 గంటలు, అందులోంచి టైమ్ తేడా 11 తీసేస్తే 35. జూన్‌లో అయితే తేడా 9 గంటలే, వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే సమ్మర్ టైమ్ వల్ల. ఈ 35లో సింగపూర్ దాకా 13, అక్కడి నుంచి 8. మిగతా 14 సింగపూర్‌లో పడిగాపులు.

అసలు మోసం ఆ 14 గంటల్లోనే ఉంది. ఎక్కడో మూల బూడిద రంగు అక్షరాల్లో "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని ఉంటుంది. అంటే లగేజీ సిడ్నీ దాకా ట్యాగ్ చేస్తారన్న గ్యారంటీ లేదు. ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి, బెల్ట్ మీద పెట్టెలు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. ఆ దేశానికి వీసా కావాల్సిన పాస్‌పోర్ట్ అయి, వీసా లేకపోతే లండన్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. మొదటి విమానం లేటైతే రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదు, మీరే రాలేదని "నో-షో" రాసి చేతులు దులుపుకుంటుంది.

కొనేముందు పీఎన్ఆర్ ఒకటేనా, లగేజీ చివరిదాకా వెళ్తుందా అడగండి. "డైరెక్ట్" అంటే నమ్మకండి, ఫ్లైట్ నంబర్ మారకుండా మధ్యలో దిగే విమానాన్నీ అలాగే అంటారు, మీరు చూడాల్సింది "నాన్‌స్టాప్". డబ్బు కట్టే పేజీ స్క్రీన్‌షాట్ ఉంచుకోండి, చాట్ వాళ్లు మూసేస్తే హిస్టరీ కూడా పోతుంది.