బావ తుపాకీ అడిగాడు, నేను బైనాక్యులర్స్ ఇచ్చాను

టెక్సాస్‌లో ఉండే మా బావ జనవరిలో కర్నూలు వచ్చీ రాగానే, "పూరేళ్ళ వేటకు ఏ పక్క పోదాం రా?" అన్నాడు. పూరేడంటే క్వెయిల్ పిట్ట. వాటికి అక్కడ అక్టోబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా సీజనంట, లైసెన్సుంటే రోజుకు మనిషికి 15 పిట్టలంట. ఇక్కడ సీజనే లేదు బావా అన్నాను. 1972 వన్యప్రాణి చట్టం లెక్కన పూరేడును కొట్టినా, వల వేసినా, గుడ్డు తీసినా అన్నీ వేటే. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అభయారణ్యంలో దొరికితే మూడేళ్ళకు తగ్గదు. మొహం వేలాడేశాడు. సరే, చూసైనా వద్దామని నందికొట్కూరు దగ్గరి రోళ్ళపాడు అభయారణ్యం పెట్టుకున్నాం.

దగ్గరని నందికొట్కూరులో దిగడం నా పొరపాటు. లాడ్జి శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళూ వచ్చాయి. కానీ నాలుగున్నరకు గేటు తాళం తీసేవాడు లేడు, వాచ్‌మన్ లేచేసరికి ఐదున్నర. పిట్టల దగ్గర ఆ గంట పోతే సగం పని పోయినట్టే. నంద్యాలలో ఉండి, గేటు సంగతి రాత్రే మాట్లాడుకోవడం మేలు. డ్రైవరు మాత్రం బంగారం, మేం చెప్పకముందే హారన్ మానేశాడు.

1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం పెట్టిన అభయారణ్యమిది. ఆ పిట్ట మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. కృష్ణజింకలు, గడ్డి, ఆకాశం, అంతే. నాకది చాలు.

బండిబాట దుమ్ములో చిన్న కాలిగుర్తులు కనపడితే బావ గొంతుక్కూర్చున్నాడు. ముందుకు మూడు వేళ్ళే, వెనక వేలు లేదు. "ఇది పూరేడు కాదు రా." నిజమే, అచ్చం పూరేడులా ఉండే వేరే జాతి అది. అందులో సోకంతా ఆడదానిది, గుడ్లు పొదిగేది మగది. పది అడుగులు వేశామో లేదో, కాలి కిందనుంచే బుర్రుమని ఒకటి లేచి, కొంచెం దూరం పోయి మళ్ళీ గడ్డిలో పడింది. తుపాకీ లేకపోయినా బావ కుడిభుజం పైకి లేచింది! తర్వాత రాళ్ళ పక్క పొదలోంచి ఒక గుంపు తలో దిక్కుకు పేలిపోయినట్టు లేచింది.

చలికాలం వలస పూరేళ్ళు వస్తాయి గానీ పెద్దగా కూయవు. కూత వినాలంటే వానల్లో, జూన్ నుంచి సెప్టెంబరు లోపల రావాలి. ప్యాంటు బూట్లలోకి దోపుకోండి, పల్లేరుకాయలు వదలవు.

వస్తూ రోడ్డు పక్క హోటల్లో ఆగాం. ఉగ్గాని బాగుంది, బజ్జీ చల్లారింది. బోర్డు మీద కౌజుపిట్టల వేపుడు ఉంది. అవీ పూరేళ్ళే, కానీ ఫారంలో పెంచే జపాన్ జాతివి, తినొచ్చు. సర్వరు వంగి, "అడవివీ ఉన్నాయి సార్, రేటెక్కువ" అన్నాడు. కొన్నా కేసే అన్నాను. బావ నా మాట వినకుండా పక్క టేబుల్ మీద ఆ "అడవి" ప్లేటునే చూస్తున్నాడు.

"ఆ సైజులో రెండు పూరేళ్ళు పడతాయి రా. అది ఫారందే."