పట్టణ సహకార బ్యాంకుల తరఫున వినిపించే గొంతు: నాఫ్‌కబ్ సేవపై సమీక్ష

చిన్న పట్టణ సహకార బ్యాంకులో వాటాదారుగా ఉన్న నేను, ఇలాంటి బ్యాంకుల తరఫున రిజర్వు బ్యాంకుతోనూ కేంద్ర ప్రభుత్వంతోనూ మాట్లాడే జాతీయ సమాఖ్య నాఫ్‌కబ్ పనితీరును విధానాల్లో వచ్చిన మార్పులను బట్టే అంచనా వేస్తాను. ఒక్కొక్కరికి ఇవ్వగల గృహరుణంపై 2011లో ఖరారైన పరిమితి, ఇళ్ల ధరలు ఎంత పెరిగినా కదలకుండా ఉండిపోయి, 2022 జూన్‌లో మొదటి శ్రేణి (అంటే చిన్న) బ్యాంకులకు 30 లక్షల రూపాయల నుంచి 60 లక్షలకు చేరింది. అదే సమయంలో ఇంటివద్దకే బ్యాంకు సేవలందించే అనుమతి కూడా లభించింది. బ్యాంకు దాకా నడవలేని వృద్ధులకు ఇది ఎంత మేలో నేను దగ్గరుండి చూశాను.

డైరెక్టర్ల పదవీకాల పరిమితి వ్యవహారం మరింత ఓపిక కోరింది. సహకార సంఘాల పాలకవర్గానికి రాజ్యాంగ సవరణ 5 ఏళ్ల గడువు నిర్దేశించగా, బ్యాంకింగ్ చట్టం 8 ఏళ్లకే పరిమితి విధించడంతో రెండో పదవీకాలం మధ్యలోనే తెగిపోయేది. 2025 ఆగస్టు 1 నుంచి ఆ పరిమితి 10 ఏళ్లయింది. ఈ ఘనత అంతా సమాఖ్యదే అనడం సరికాదు. పట్టణ సహకార బ్యాంకులపై రిజర్వు బ్యాంకు నియమించిన విశ్వనాథన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక కూడా ఈ రంగంపై ఆలోచనను మార్చింది.

పట్టణ సహకార బ్యాంకులకు ఉమ్మడిగా తోడ్పడేందుకు 2024 మార్చిలో ప్రారంభమైన గొడుగు సంస్థ, సొంతంగా సాంకేతిక వ్యవస్థ కొనుక్కోలేని బ్యాంకులకు ఆసరా కావాలని గట్టిగా కోరుకుంటున్నాను. సమాఖ్య ఇచ్చే వినతిపత్రాల సారాంశం తెలుగులోనూ అందితే, సర్వసభ్య సమావేశంలో కూర్చునే చిన్న వ్యాపారికి కూడా తన తరఫున ఏం అడుగుతున్నారో తెలుస్తుంది.