బగాన్‌లో చెడ్డ బస, మంచి భోజనం

బర్మాలో ఎవరూ మోసం చేయరని వెళ్ళొచ్చినవాళ్ళంతా చెబుతారు. అక్కడి పాత గుళ్ళ ఊరు బగాన్‌లో మనుషుల విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. మేము మొదట దిగిన బస మాత్రం ఆ ఊరి మంచితనానికే మచ్చ. అందుకే గుళ్ళకన్నా ముందు దాని సంగతి రాస్తున్నాను.

మేము వెళ్ళింది 2019 డిసెంబరులో. నేను, మావారు, మా వదిన. విశాఖలో బర్మా క్యాంపు దగ్గర పెరిగిన వదిన, రెండో ప్రపంచ యుద్ధకాలంలో రంగూన్ వదిలి వచ్చిన కుటుంబాల కబుర్లు చిన్నప్పటి నుంచి వింటూ వచ్చింది. ఈ ప్రయాణం ఆవిడ పట్టుదల మీదే కుదిరింది. అప్పుడు డాలరుకు బర్మా డబ్బులో దాదాపు 1,500 చాట్లు, మన రూపాయికి 21 చాట్లు వచ్చేవి. రంగూన్‌లో ష్వేడగోన్ బౌద్ధ స్తూపం చూశాం. 200 చాట్ల టికెట్‌తో ఊరి చుట్టూ తిరిగే రైలెక్కాం. రెండూ బాగున్నాయి.

రంగూన్ నుంచి రాత్రి బస్సు మనిషికి 19 డాలర్లు. తెల్లవారుజామున ఐదింటికి బగాన్‌లో దింపింది. బస్టాండు ఊరికి దూరం కాబట్టి టాక్సీ తప్పదు. 10,000 చాట్లు అడిగితే 7,000కు బేరమాడాం. దారిలోనే కారు ఆపి, పురావస్తు ప్రాంతంలోకి ప్రవేశ రుసుము వసూలు చేశారు. అప్పుడు విదేశీయులకు తలకు 25,000 చాట్లు, అంటే సుమారు 1,200 రూపాయలు. ఆ డబ్బుకు నాకు చింత లేదు. రెండు వేలకు పైగా కట్టడాలున్న మైదానం అది, 2019 జూలైలోనే యునెస్కో జాబితాకెక్కింది. టికెట్ మాత్రం జాగ్రత్తగా దాచుకోండి, పెద్ద గుళ్ళ దగ్గర అడుగుతారు.

బగాన్‌ను ఆనుకున్న న్యౌంగ్ ఊ అనే ఊళ్ళో మా బస. ముగ్గురికీ ఒకే గది, రాత్రికి 38 డాలర్లు. తెల్లవారుజామున వస్తామని ముందే రాస్తే, రండి, గది సిద్ధంగా ఉంటుందని జవాబిచ్చారు. తీరా వెళ్తే బల్ల దగ్గరున్న మనిషి గది మధ్యాహ్నం రెండింటికి ఇస్తానన్నాడు. ఇప్పుడే కావాలంటే ఇంకో 19 డాలర్లు కట్టమన్నాడు. అతని వెనక పలక మీద వరుసగా తాళంచెవులు వేలాడుతున్నాయి, అంటే సగం గదులు ఖాళీ. మావారు ఫోనులో ఆ జవాబు చూపిస్తే, అది రాసింది తాను కాదని తల తిప్పుకున్నాడు. మావారికి కోపం వస్తే మాట పెరగదు, ముఖం ఎర్రబడుతుంది. వదిన బెంచీ మీద కూలబడి, "ఇచ్చెయ్యరా తమ్ముడూ, నాకు నడుం వాల్చాలి" అంది. ఇచ్చాం.

అసలు మోసం ఆ తర్వాత జరిగింది. డాలరు నోట్లను దీపం కింద పెట్టి ఒక్కొక్కటీ తిరగేసి, 50 డాలర్ల నోటుకు మధ్యలో మడత ఉందని పక్కన పెట్టాడు. బర్మాలో మడత నోట్లు తీసుకోరని మాకూ తెలుసు. కానీ కాసేపాగి, డాలరుకు 1,300 చాట్ల లెక్కన అయితే అదే నోటు తీసుకుంటానన్నాడు. చెల్లని నోటు తక్కువ ధరకు మాత్రం ఎలా చెల్లుతుంది? నోటు వెనక్కి లాక్కుని, ఏటీఎంకు వెళ్ళి చాట్లు తెచ్చి కట్టాం. ఆ యంత్రం ఒక్కసారికి 6,500 చాట్ల రుసుము కోసుకుంది. గది కిటికీ తెరిస్తే కిందనే జనరేటర్. ఉదయం ఫలహారం ఎండిన రొట్టె, చల్లారిన గుడ్డు. ఇక్కడివాళ్ళు తినేదే పెట్టమంటే, విదేశీయులకు ఇదే పెడతామన్నారు.

మర్నాడే కొత్త బగాన్‌లో ఒక కుటుంబం నడిపే చిన్న బసకు మారాం. గది 25 డాలర్లు. పొద్దున్నే వేడివేడి మొహింగా పెట్టారు. అది చేపల పులుసులో సేమ్యా, కాబట్టి శాకాహారి అయిన వదినకు విడిగా బఠాణీలు వేసి వేయించిన అన్నం వచ్చింది. ఆ ఇంటి ముందు నీడలో, మూతపెట్టిన మట్టి కుండలూ ఒక లోటా ఉంటాయి. దారినపోయే ఎవరైనా నీళ్ళు తాగి వెళ్ళొచ్చు. వేసవిలో మనం పెట్టే చలివేంద్రం అక్కడ డిసెంబరులోనూ కనిపించింది, బగాన్ పల్లెల్లో ఎక్కడ చూసినా ఉంది.

గుళ్ళు చూడటానికి బ్యాటరీ స్కూటరే సరైన సాధనం, అప్పుడు రోజుకు 7,000 చాట్లు. టూరిస్టు కార్లన్నీ ఒకే వరుసలో ఆగే పెద్ద గుళ్ళను ఎండ ముదిరేలోపు ముగించండి. గుడిలోకి చెప్పులే కాదు, మేజోళ్ళూ వేసుకోనివ్వరు, మధ్యాహ్నానికి ఇటుక కాలిపోతుంది. 12వ శతాబ్దం మొదట్లో చంజిత్తా రాజు కట్టించిన ఆనంద గుడిలో నాలుగు దిక్కులా నాలుగు నిలువెత్తు బుద్ధులు, ఒక్కొక్కటి 30 అడుగుల పైమాటే. దక్షిణం వైపు విగ్రహం దూరం నుంచి నవ్వుతూ కనిపిస్తుంది, పాదాల దగ్గరికి వెళ్ళి తలెత్తితే ముఖం గంభీరంగా మారిపోతుంది. నేను వెనక్కీ ముందుకూ నడిచి చూస్తూ ఉండిపోయాను. ఆ గుడి మరమ్మతుల్లో మన భారత పురావస్తు శాఖ పాలుపంచుకుందని తెలిసి మావారి ముఖం మొదటిసారి వికసించింది.

నా ఓటు మాత్రం చిన్నవాటికే. మ్యింకబా పల్లెలోని గుబ్యౌక్‌జీ 1113 నాటిది. లోపల చీకటి, ఫోటోలు తీయనివ్వరు. చేతి దీపం వేస్తే గోడల నిండా జాతక కథల, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథల బొమ్మలు గళ్ళుగళ్ళుగా బయటపడతాయి. అక్కడ దొరికిన శాసనం పాళీ, ప్యూ, మోన్, బర్మీస్ భాషల్లో ఒకే సంగతి చెబుతుంది. అబెయదన గుడి గోడల మీద బోధిసత్వుల పక్కన మన బ్రహ్మ, విష్ణువు, శివుడు కనిపించారు. పాత బగాన్‌లో నత్‌లౌంగ్ అనే విష్ణు ఆలయమూ ఉంది. గుళ్ళపైకి ఎక్కడం ఇప్పుడు నిషేధం, 2016 భూకంపం చేసిన నష్టం చూస్తే అది న్యాయమే. సూర్యోదయానికి మట్టి దిబ్బలు కట్టారు, వాటి మీద నుంచి చూడండి. గుడి మంటపాల్లో మేం గైడులం అంటూ వెంటపడేవాళ్ళు చివరికి ఇసుకతో వేసిన చిత్రాలు అమ్మకానికి పరుస్తారు. మొదటి మాటకే వద్దని చెప్పేయండి.

ఇక భోజనం. రంగూన్ అంతా చేపల ముద్ద వాసనతో వదిన అన్నం ముట్టలేదు. అరటిపళ్ళ మీదే గడిపింది, ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పాత బగాన్ గేటు దాటాక చెట్ల కింద తాటాకుల పాకలో ఒక భోజనశాలకు వెళ్ళాం. "తెత్ తత్ లుత్" అంటే శాకాహారమని అర్థం చేసుకుంటారు. మేమదే అన్నాం. అయినా ఎండురొయ్యల పొడి, చేపల రసం వద్దని వేరుగా చెప్పండి, పచ్చళ్ళలోనూ వేస్తారు.

అన్నంతో పాటు చిన్న గిన్నెలు వరుసగా వచ్చాయి: పప్పు చారు, వేయించిన వంకాయ, వేరుశనగ పొడి, పులియబెట్టిన తేయాకు కలిపిన పచ్చడి. ఒక పళ్ళెంలో పచ్చి చింతచిగురు, ఉల్లిపాయ, నువ్వులు, నూనె కలిపి పెట్టారు. వదిన ఒక ముద్ద తిని తలెత్తి నా వైపు చూసింది. ఆ తర్వాత నల్లటి ముద్ద ఒకటి పెట్టారు, పైన ఉల్లి తరుగు, వేరుశనగ నూనె. నాలుక మీద పెట్టుకోగానే వదిన లేచి వంటపొయ్యి దగ్గరికే వెళ్ళిపోయింది. అక్కడావిడ డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసి చూపించింది. ఉలవలు! బగాన్‌వాళ్ళు వాటిని గంటల తరబడి ఉడికించి, వార్చిన కట్టును నిలవ ఉంచి పులియబెట్టి ముద్దయ్యేదాకా మరిగిస్తారు. పేరు పోన్ యే జీ. మన ఉలవచారు రుచే, పులుపూ చిక్కదనమూ ఎక్కువ. భాష రాని ఇద్దరూ పొయ్యి పక్కన చేతులతో ఎంతసేపు మాట్లాడుకున్నారో! చివర్లో తాటిబెల్లం ముక్కలు, కాగితంలో చుట్టిన చింతపండు బిళ్ళలు పెట్టారు. ముగ్గురికీ కలిపి 9,000 చాట్లు. రెండోసారి వడ్డించినదానికి డబ్బు తీసుకోలేదు. వదిన 1,000 చాట్లు చేతిలో పెట్టబోతే ఆవిడ తిరిగి ఇచ్చేసింది.

పోపా కొండకు కారు అప్పుడు 40,000 చాట్లు. మెట్ల నిండా కోతులు, పైన దేవతల బొమ్మలు. దారిలో తాటికల్లు కాచి బెల్లం చేసే చోట ఆగినందుకు తప్ప ఆ పూట దండగ. ఆ సమయం మ్యింకబాలో లక్క పాత్రల పనివాళ్ళ దగ్గర గడపండి. వెదురుతో, గుర్రపు వెంట్రుకలతో అల్లిన గిన్నెకు పొర మీద పొర లక్క పూసి, ప్రతి పొరా ఆరాక రుద్ది, ఇనుప ములుకుతో బొమ్మలు చెక్కుతారు. మంచి గిన్నె అంచులు వేళ్ళతో నొక్కితే రెండూ కలుస్తాయి, వదిలితే మళ్ళీ విచ్చుకుంటాయి. కొనేముందు నొక్కి చూపించమని అడగండి. వదిన కొన్నది 18,000 చాట్లు, బేరం ఆడలేదు.