మూడు నెలలకే పోయిన పసివాణ్ణి నాకు ముత్తాతను చేసి అమ్మాడు

కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. రెండు రోజులైంది, చల్లారేలా లేదు. వంశవృక్షం చేసిపెడతానంటూ కనబడ్డ అందరికీ మెసేజ్‌లు పెడుతుంటాడు చూడండి, అదే, "పాత రికార్డుల్లోంచి మీవాళ్లను వెతికి తీస్తాను" అనే ఆయన. పేరు రాయను, ఈ వెతుకులాటలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆయనకు డబ్బు కట్టకండి. నేను కట్టాను. అదీ మొత్తం ముందే.

ఎందుకు కట్టానంటే బద్ధకం, ఇంకేం లేదు. ఫ్యామిలీసెర్చ్ అని, ప్రపంచంలో పాత జనన మరణ రికార్డుల పేజీలు చూపించే వెబ్‌సైట్ ఉంది. అందులో ఉచితంగా ఖాతా తెరిచి, ముత్తాత పేరు ఒకే ఒక్క స్పెల్లింగ్‌తో కొట్టి, ఏమీ రాలేదని మూసేసిన మేధావిని నేను. అక్కడ కొన్ని రికార్డులకు కెమెరా బొమ్మ మీద తాళంచెవి గుర్తు ఉంటుంది. అలాంటివాటిలో చాలావరకు ఇంట్లో కూర్చుని చూడలేం, వాళ్ల కేంద్రానికో, అనుబంధ లైబ్రరీకో వెళ్లాలి. ఈయన ఆ గుర్తు చూపించి "మీకు ఇవి తెరుచుకోవండీ, నాకు స్పెషల్ యాక్సెస్ ఉంది" అన్నాడు. నమ్మేశాను.

మూడు వారాలకు పీడీఎఫ్ వచ్చింది. బంగారు రంగు అంచు, చెట్టు బొమ్మ, ఆకుకో పేరు. ముత్తాత జనన నమోదు అంటూ ఒక పాత రిజిస్టరులోంచి ఒకే ఒక్క వరస కత్తిరించి పెట్టాడు. దాని మీద అడ్డంగా ఆయన ముద్ర. మురిసిపోయి నాయనమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "మా మామగారికి అక్క ఉండేదిరా, ఒక్కడే సంతానం అంటాడేంటి?" అంది. నేనేమన్నానో తెలుసా? "నాయనమ్మా, రికార్డులో లేదు." ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషితో, నేను! ఆవిడ ఇంకేం అనలేదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టుకుంది.

ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. మొన్న రాత్రి మళ్లీ ఫ్యామిలీసెర్చ్ తెరిచి, పేరులో అనుమానంగా ఉన్న అక్షరాల చోట నక్షత్రం గుర్తు పెట్టి వెతికాను. నాలుగో ఫలితమే అది. తాళంచెవీ లేదు, గీళంచెవీ లేదు. నొక్కగానే పేజీ మొత్తం వచ్చింది. అదే సిరా మరక, అదే చిరుగు. ఆయన కత్తిరించిన వరస ఇదే. కాకపోతే కుడివైపు చివరి గడి ఆయన పీడీఎఫ్‌లో లేదు. ఆ గడిలో వేరే సిరాతో, సన్నటి అక్షరాలతో రాసి ఉంది, బిడ్డ మూడు నెలలకు చనిపోయినట్టు.

పేరు కలిసి పొరపాటు పడితే ఏమీ అనేవాణ్ణి కాదు. ఒకే పేరు పదిమందికి ఉంటుంది. కానీ కత్తెర సరిగ్గా ఆ గడి ముందే ఎలా ఆగింది? చూసే కోశాడు. మూడు నెలల బిడ్డకు పెళ్లి చేసి, నలుగురు పిల్లల్ని పుట్టించి, నా దాకా లాక్కొచ్చాడు మహానుభావుడు.

ఫోన్ చేశాను. ఆ పేజీ ఎక్కడిదో తెలిపే ఫిల్ము నంబరు, ఇమేజ్ నంబరు చెప్పమన్నాను. "అవి మేం ఎవరికీ చెప్పం" అన్నాడు. పేజీ మొత్తం చూశానని చెప్పాను. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత నవ్వాడండీ. నవ్వి, "మీరడిగింది చెట్టు, ఇచ్చాను. చచ్చినవాళ్లు లేచొచ్చి సాక్ష్యం చెప్తారా ఏంటి?" అని పెట్టేశాడు. అప్పట్నుంచీ నా నంబరు బ్లాక్. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు గుర్తొస్తే మాత్రం ఒళ్లు మండిపోతోంది.

ఇంతటితో అయిపోలేదు. ఆ చెట్టునే ఫ్యామిలీసెర్చ్‌లో అందరూ కలిసి నింపే ఉమ్మడి వృక్షంలోనూ ఎక్కించాడు. చనిపోయినవాళ్ల వివరాలు అక్కడ ఎవరైనా మార్చొచ్చు, అదొక్కటే నయం. నిన్నంతా కూర్చుని ఒక్కో బంధం తెంపి, కారణం రాసి సరిచేశాను. ఈలోపు ఇంకెవరు చూసి తమ చెట్టుకు అంటించుకున్నారో!

ఎవరికైనా పని అప్పగిస్తే కత్తిరించిన ముక్క తీసుకోకండి, పేజీ మొత్తం అడగండి, ఫిల్ము నంబరు లేకుండా పైసా ఇవ్వకండి. అసలు ముందు మీరే వెతకండి. ఫ్యామిలీసెర్చ్ వాళ్ల దగ్గర, పాత రిజిస్టర్ల పేజీలను 1938లో మొదలుపెట్టి ఫొటోలు తీసిన మైక్రోఫిల్ములు సుమారు 24 లక్షల రోళ్లు ఉంటే, అవన్నీ 2021 కల్లా డిజిటైజ్ చేసేశారు, ఎక్కువభాగం ఊరికే చూడొచ్చు. సెర్చ్‌లో దొరకలేదంటే అక్కడ లేదని కాదు, చాలావాటికి పేర్ల సూచిక ఇంకా తయారవలేదు, పేజీలు ఒక్కొక్కటే తిప్పాలి. ఓపిక ఉండాలి, నాకు లేకపోయింది.

ఆ అక్కగారి పేరేంటో నాయనమ్మను అడగాలి. ముందు సారీ చెప్పుకోవాలి.