హార్టిల్‌పూల్ రేవులో బొంబాయి టేకు

ముందే చెబుతున్నా, ఇంగ్లండులో హార్టిల్‌పూల్ రేవులో ఉన్న ట్రింకోమలీ అనే పాతకాలపు చెక్క యుద్ధనౌక చూడటానికి రాత్రి బస అక్కర్లేదు. మేం సముద్రం ఒడ్డున దిగిన లాడ్జిలో హీటర్ పనిచేయలేదు. అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చారు, అంతే. మా అబ్బాయి చదువుతున్న మిడిల్స్‌బరో నుంచి రైల్లో అరగంట ప్రయాణం. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. పొద్దున్నే లేవాల్సిన టెన్షన్ ఎందుకని నేనే గది బుక్ చేయించాను, వాడు వద్దన్నా.

"ఇంగ్లీషు వాళ్ల ఓడ మనకెందుకు నాన్నా?" అన్నాడు వాడు. కట్టింది బొంబాయిలో అన్నాక బయల్దేరాడు. మాది కాకినాడ. తాళ్లరేవు వైపు చెక్క ఓడలు కట్టడం చిన్నప్పుడు చూసినవాణ్ణి. అందుకే ఫిరంగుల కన్నా ముందు నా చెయ్యి చెక్క మీదకే పోయింది.

మలబారు టేకు అది. నెపోలియన్‌తో యుద్ధాల వల్ల ఇంగ్లండులో ఓక్ కలప కరువైంది. దాంతో బొంబాయి డాక్‌యార్డులో పార్సీ మేస్త్రి జంషెట్జీ బొమన్జీ వాడియాకు పని అప్పజెప్పారు. నమూనా పటాలు తెస్తున్న ఓడను 1812లో అమెరికా వాళ్లు పట్టుకుని తగలబెట్టేశారు. మళ్లీ పంపాల్సి వచ్చింది. చివరికి 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దింపారు. పార్సీల ఆచారం ప్రకారం ఓడ అడుగు దూలంలో వెండి మేకు కొట్టారట. మనం ఇంటి పునాదిలో నవధాన్యాలు పోసినట్టే కదా!

తీరా ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవు చేరేసరికి 1819. యుద్ధాలు ముగిసి నాలుగేళ్లు. దారిలో సెయింట్ హెలీనా దీవిలో ఆగితే, నెపోలియన్ అక్కడ ఖైదులో ఉన్నాడు! ఎవరితో పోరాడటానికి కట్టారో ఆయన గుమ్మం ముందు నుంచే పోయిందన్నమాట. తర్వాత 26 ఏళ్లు రేవులో ఊరికే పడి ఉంది. 1845లో ఫిరంగులు తగ్గించి, వెనక భాగం మార్చి, 1847లో వెస్టిండీస్, ఉత్తర అమెరికా వైపు కాపలాకు పంపారు. 1852 నుంచి 1857 దాకా పసిఫిక్‌లో తిరిగింది. ఆ తర్వాత శిక్షణ ఓడ. 1897లో తుక్కుకు అమ్మేస్తే వీట్లీ కాబ్ అనే ఆయన కొని, ఫూద్రాయాన్ అని పేరు మార్చి కుర్రాళ్లకు శిక్షణ ఇప్పించాడు. 1987లో హార్టిల్‌పూల్ తెచ్చి బాగుచేస్తుండగా, 1992లో పాత పేరు మళ్లీ వచ్చింది.

పెద్ద యుద్ధాల కథలు కావాలంటే పోర్ట్స్‌మత్‌లో విక్టరీ అనే పాత యుద్ధనౌక చూడండి. కానీ అది 1922 నుంచి నీళ్లు లేని డాక్‌లో ఉంది, మేం వెళ్లినప్పుడు చుట్టూ పరంజా కూడా. ఇది నీళ్ల మీదే ఉంది. పైగా జనం తక్కువ, ఎక్కడ కావాలంటే అక్కడ నిలబడొచ్చు. నావికులు పడుకునే అంతస్తులో నేను వంగి నడిచాను, మావాడు రెండుసార్లు దూలానికి తల కొట్టుకున్నాడు. మనిషికి 14 అంగుళాల వెడల్పు చొప్పున గుడ్డ ఊయలలు కట్టుకునేవాళ్లట. స్లీపర్ బోగీ పై బెర్తు రాజభోగం.

భోజనానికి పార్మో తిన్నాం. కోడిమాంసం అదిమి వేయించి, పైన తెల్లటి సాస్, చీజు పోస్తారు. ఈ ప్రాంతపు ప్రత్యేకత. కారం ఉండదు, ఒక్కటి తెప్పించుకుంటే ఇద్దరికి సరిపోతుంది. నేను సంచిలో తెచ్చుకున్న ఆవకాయ తీశాను. మావాడు అటు తిరిగి కూర్చున్నాడు, కాసేపయ్యాక వాడూ అడిగాడు.

మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు అట్టడుగు గదిలోకి దిగకండి, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. నేను దిగాను. ఎక్కేటప్పుడు మావాడు చెయ్యి ఇచ్చాడు.